పదహారు దరఖాస్తులకు ఒకే గుట్ట

పనసపుట్టు,
4 ఆగస్టు 2025

ధర్మకు,

అప్ప రాస్తున్నాను. ప్రభువు దయవల్ల ఇంట్లో అందరం, అంటే నేనూ రెండు కోళ్లూ, బాగున్నాం. అక్కడ నువ్వూ మా మరదలు శ్రావణీ బాగుండాలని రోజూ అడుగుతూనే ఉన్నాను.

ఫోనులో రాయొచ్చు కదా అని మళ్లీ అనకు. సిగ్నలు కోసం రోడ్డు మలుపు దాకా ఎక్కాలి. వానలో గొడుగు పట్టుకుని బొటనవేలితో తెలుగు కొట్టడం యాభై ఏడేళ్ల మీ అక్కకు చేతకాదు. భీముడి జీపులో అరకు పోస్టాఫీసు దాకా వెళ్లే కాగితమే నాకు నయం.

రెండు సంగతులు.

మొదటిది చిన్నది. కంప్యూటరు తెరిచినప్పుడల్లా నీలం పలక ఒకటి వచ్చి, అక్టోబరు పద్నాలుగుతో ఈ విండోస్ పది పని అయిపోతుందంటోంది. పదకొండు వేసుకోమంటుంది. వేయబోతే నీ డబ్బాకు ఆ యోగ్యత లేదంటుంది. పిలిచి కూర్చోబెట్టి విస్తరి తీసేసినట్టుంది. ఏం చేయను?

రెండోది పెద్దది. గుట్ట పట్టాలు. 2008లో మన పదహారు కుటుంబాల పోడు దరఖాస్తులు నేనే టైపు చేశాను కదా. ఆధారం చాలదని అప్పుడు పక్కన పెట్టారు. ఇప్పుడు మళ్లీ తీశారు. అక్టోబరు పదిన పాడేరు ఆఫీసులో విచారణ. ఇదే ఆఖరిసారి అంటున్నారు. ఈసారి కాదంటే తాతల నాటి నుంచి దున్నుకుంటున్న గుట్ట కాగితం మీద మనది కాకుండానే పోతుంది. సోంబరు మామకు ఎనభై దాటాయి. “నాను పోయేలోపు నా సెక్క నాదని కాయితంలో సూడాల, కనకా” అంటున్నాడు.

అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందే సాగు ఉందని చూపించాలి. అందుకని నువ్వు తీసిన గుట్ట ఫోటో అసలు ప్రతి, తేదీతో సహా పంపు. అదే, 2006లో నువ్వు కంప్యూటరు తెచ్చినప్పుడు తెర మీద పెట్టావే, పచ్చటి గుట్ట, పైన నీలం ఆకాశం, తెల్లని మబ్బులు. పదహారు దరఖాస్తులకూ ఆ ఫోటోయే జత చేశాను. ఇప్పటికీ నా తెర మీద అదే. పొద్దున్నే దానివైపు చూస్తూనే ప్రార్థన చేసుకుంటాను. అందరూ కళ్లు మూసుకుని చేస్తారు. నేను కరెంటు ఖర్చు చేసి చేస్తాను.

బేగి పంపు.

నీ క్షేమం కోరే
అప్ప


గాజువాక,
13 ఆగస్టు 2025

అప్పా,

నీ ఉత్తరం అందింది. నా దుకాణంలో రోజుకు పది మంది కంప్యూటర్లు పట్టుకుని వస్తారు కానీ, పోస్టుమ్యాన్ మాత్రం నీ కోసమే వస్తాడు. “మీ అక్కయ్యగారు ఇంకా ఉత్తరాలు రాస్తున్నారా అండీ” అని టీ కూడా తాగి వెళ్లాడు.

ముందు విండోస్ సంగతి చెప్తాను. అక్టోబరు పద్నాలుగున డబ్బా ఆగిపోదు. భయపడకు. ఇన్నాళ్లూ గేటు దగ్గర కాపలా మనిషి ఉండేవాడు. ఆ రోజు నుంచి మానేస్తాడు. ఇల్లు ఇల్లులాగే ఉంటుంది.

నా బతుకంతా దీని చుట్టూ తిరిగింది కదా, చూసుకుంటే నాకే నవ్వొస్తుంది. హాస్టల్లో నేను మొదట చూసింది తొంభై ఎనిమిది. గంటకోసారి నీలం తెర వేసి చచ్చిపోయేది. నేనే పాడు చేశానని రెండు వారాలు ఆ గది వైపు వెళ్లలేదు. తర్వాత ఎక్స్‌పీ. దాన్ని వదలడానికి జనం ఏడ్చారు. విస్టా వచ్చింది, దాని పేరు మా దుకాణంలో ఎత్తం. ఏడు మళ్లీ బంగారం. ఎనిమిదిలో స్టార్టు బొత్తం తీసేశారు. ఇంటి గుమ్మం కనపడనట్టు మనుషులు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. అది ఎక్కడుందో నాకూ తెలీదు. తెలిసినట్టు గడ్డం గోక్కుని, రేపు రమ్మని పంపేవాణ్ణి. తొమ్మిది రానే లేదు, నేరుగా పది. పదే ఆఖరిదని అందరం అనుకున్నాం. ఆ ధైర్యంతోనే బోర్డు మీద “విండోస్ పది వేయబడును” అని పెయింటుతో రాయించాను. ఇప్పుడు పదకొండు. బోర్డు మళ్లీ రాయించాలి. ఈసారి అంకె చోట సుద్దముక్కతో రాస్తాను.

నీ డబ్బా ముసలిది. పదకొండు పట్టదు. నా దగ్గర కాస్త వయసులో ఉన్నది ఒకటుంది, దసరాకు పంపుతాను.

ఫోటో సంగతి. అప్పా, అది చాలా పాతది. ఏడు వేసినప్పుడో పది వేసినప్పుడో అసలు ప్రతి పోయి ఉంటుంది. ఇన్ని విండోస్‌లు మారాక ఏది మిగులుతుంది? ఆ ఫోటో మీద ఆధారపడకు. వేరే ఏదైనా చూడు.

శ్రావణి నిన్ను అడిగింది.

నీ
ధర్మ


పనసపుట్టు,
22 ఆగస్టు 2025

ధర్మకు,

కొత్త డబ్బా వద్దు. విండోస్ మారినప్పుడు ఫోటోలు పోతాయని నువ్వే అన్నాక, గుట్టను పట్టుకుని పదకొండులోకి ఎలా దూకుతాను?

తొమ్మిది రాలేదన్న సంగతి సోంబరు మామకు చెప్పాను. “అయ్యో, పురిట్లోనే పోనాదేటి?” అని నిజంగా బాధపడ్డాడు.

ఒక మంచి వార్త. ఫోటో పోలేదు. నువ్వు ప్రతిసారీ జాగ్రత్తగా కొత్తదాంట్లోకి ఎక్కించావు కదా, అదే కాపాడింది. దాని మీద కుడి బొత్తం నొక్కి వివరాలు చూశాను. తేదీ ఉంది. 2001!

2005 కంటే నాలుగేళ్లు ముందు. మోకరించి స్తోత్రం చెప్పుకున్నాను. లేవడానికి మంచంకోడు పట్టుకోవాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

తర్వాత ఆలోచించాను. 2001లో నీకు పద్దెనిమిదేళ్లు. హాస్టల్లో ఉన్నావు. కెమెరా ఎక్కడిది? సెలవులకు వచ్చినప్పుడు ఎవరిదో తెచ్చి తీసి ఉంటావు. అడిగి తెచ్చావా, అడక్కుండా తెచ్చావా? ఆ ఫోటో సంగతి ఎత్తితే నువ్వు తప్పుకుంటున్నది ఇందుకేనని నాకు తోస్తోంది.

ఏమైనా చెప్పు. నేను తిట్టను. అమ్మ పోయాక నిన్ను పెంచినదాన్ని. నిన్ను తిడితే నా పెంపకాన్నే తిట్టుకున్నట్టు.

అప్ప


గాజువాక,
30 ఆగస్టు 2025

అప్పా,

నేను ఎవరి కెమెరా తేలేదు. దయచేసి ఆ ఆలోచన వదిలెయ్.

కంప్యూటరులో తేదీలను నమ్మకు. అది చెప్పే తేదీకి ఏ విలువా లేదు. నా దుకాణంలో బ్యాటరీ అయిపోయిన డబ్బా ఒకటి ఏళ్లుగా ఒకటే తారీఖు చూపిస్తోంది. ఇరవయ్యేళ్లు కంప్యూటర్లు బాగుచేసినవాణ్ణి, నా మాట వినవా? నిజానికి నా మాట ఎవరూ వినరు. నిన్న ఒకాయన కీబోర్డు మీద టీ ఒలకబోసి, వైరస్ వచ్చిందని వాదించాడు. ఆయనే గెలిచాడు.

విచారణకు ఆ ఫోటో పట్టుకెళ్లకు. అడిగితే దొరకలేదని చెప్పు. ఇంతకంటే ఉత్తరంలో రాయలేను.

ధర్మ


పనసపుట్టు,
9 సెప్టెంబరు 2025

ధర్మకు,

ఉత్తరంలో రాయలేనన్నావు. అర్థమైంది. మూడు రోజులు నీ కోసం ఉపవాసం ఉన్నాను. మూడో రోజు కాఫీ తాగాను, అబద్ధం చెప్పను.

తప్పు ఎవరిదైనా ఒప్పుకుంటే బరువు దిగుతుంది. నువ్వు ఒప్పుకోలేకపోతున్నావు కాబట్టి నీ తరఫున నేను ఒప్పుకున్నాను. మీ హాస్టల్ వార్డెను మాస్టారు ఇప్పుడు టైడా దగ్గర ఉంటున్నారని తెలిసింది. “2001లో మా తమ్ముడు మీ కెమెరా అడగకుండా తీసుకుని ఉండొచ్చు, క్షమించండి” అని రాసి, కిలో మిరియాలు భీముడితో పంపాను.

ఇక అసలు వార్త. మొన్న విచారణ నోటీసు తీసుకోవడానికి పాడేరు వెళ్లాను. మన ఫైలు చూసే ఆయన పేరు సూర్యనారాయణ. మైదానం నుంచి వచ్చిన మనిషి, మర్యాదస్తుడు. కుర్చీ వేశారు. ఎదురుగా ఆయన కంప్యూటరు. ధర్మా, దాని తెర మీద మన గుట్ట!

అదే గుట్ట. అవే మబ్బులు. మెల్లిగా అడిగాను. “ఈ గుట్ట ఎక్కడిది బాబూ?”

“ఏమోనమ్మా, ఎప్పట్నుంచో ఉంది. కళ్లకు హాయిగా ఉంటుందని నేనూ మార్చలేదు” అన్నారు.

చూశావా? మన ఫైలులోంచే తీసుకుని పెట్టుకుని ఉంటారు. మనుషులకు ఇవ్వాల్సిన గుట్టను రోజూ చూస్తూ పని చేస్తున్నారు. ఇంతకంటే సూచన ఇంకేం కావాలి? అది మా గుట్టేనని చెప్పాలని నోటి దాకా వచ్చింది. గర్వం పాపమని మింగేశాను. ఊళ్లోకి వచ్చి మాత్రం పదహారిళ్లకూ చెప్పాను. గర్వం అరకు దాటేసరికి ఆగలేదు.

పట్టాలు వచ్చినట్టే. ఆ పని నీ ఫోటో వల్లే అవుతోంది. నువ్వు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ప్రార్థనల్లో నిన్ను విడవని
అప్ప


గాజువాక,
15 సెప్టెంబరు 2025

అప్పా,

నిలబడి చదువుతుంటే కూర్చో.

నీ ఉత్తరం శ్రావణి కూడా చదివింది. చదివి, కాగితమూ పెన్నూ నా ముందు పెట్టి, “రాసేదాకా అన్నం లేదు” అంది. అందుకని రాస్తున్నాను.

ఆ గుట్ట మనది కాదు. నేను తీయలేదు. అది అమెరికాలో ఉందట, ద్రాక్షతోటలుండే సీమలో. విండోస్ ఎక్స్‌పీతో పాటే వచ్చింది. ఎక్స్‌పీ వేసిన ప్రతి కంప్యూటరులోనూ, దేశమంతా, లోకమంతా, తెరవగానే ఆ గుట్టే కనిపించేది. 2001 ఎక్స్‌పీ పుట్టిన ఏడు. సూర్యనారాయణగారు మన ఫైలులోంచి తీసుకోలేదు. ఆయనకూ అది ఎక్స్‌పీ నాటి నుంచి వచ్చిందే.

2006లో ఏం జరిగిందో చెప్తాను. ఆ ఏడు నేను డిప్లొమా తప్పాను. నీకు చెప్పలేదు. పాత సామాన్లతో కంప్యూటరు ఒకటి అతికించి, అది పట్టుకుని వచ్చాను, చదువు అయిపోయినట్టే. నీ ఇంట్లో ముప్ఫై మంది కూర్చున్నారు. తెర వెలిగింది. సోంబరు మామ అడిగాడు, “ఇది ఏ గుట్ట రా గుంటడా?” అని. నువ్వు నా వైపు చూశావు. నేను లోకాన్ని జయించి వచ్చినట్టు చూశావు. నా నోటి నుంచి వచ్చేసింది. “మనదే మామా. నేనే తీశాను.”

మర్నాడు చెప్దామనుకున్నాను. మర్నాడు నువ్వు దాని ముందు ప్రార్థన చేస్తున్నావు. ఇంకెలా చెప్పను? విండోస్ మార్చిన ప్రతిసారీ “గుట్ట పోకూడదు” అనేదానివి. నీకు అలవాటైన బొమ్మ కాబట్టి అడుగుతున్నావనుకుని ఎక్కించేవాణ్ణి. అది నిజంగా మన గుట్టేనని నమ్ముతున్నావని, దరఖాస్తులకు జత చేశావని, నీ ఆగస్టు ఉత్తరం వచ్చేదాకా నాకు తెలీదు.

జనం పోగొట్టుకున్న ఫైళ్లు వెతికిపెట్టడం నా వృత్తి. నేను పోగొట్టింది ఒక ఊరి గుట్ట.

ధర్మ


పనసపుట్టు,
20 సెప్టెంబరు 2025

ధర్మకు,

నీ ఉత్తరం అందింది. కూర్చునే చదివాను.

ఇప్పుడేమీ రాయలేను. అన్నం తిను.

అప్ప


గాజువాక,
26 సెప్టెంబరు 2025

అప్పా,

నువ్వు రెండు వరుసలు రాస్తే నాకు రెండు రోజులు నిద్ర లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఒక దారి ఉంది. విను. మన గుట్ట నిజం ఫోటో నేనే వచ్చి తీస్తాను. తీసి, దాని తేదీని 2004కు మారుస్తాను. అయిదు నిమిషాల పని. ఎవరూ కనిపెట్టలేరు. ఆ పాత ఫోటో పొరపాటున జత అయిందని, ఇదే అసలుదని చెప్పు. గుట్ట నిజంగా మనదే కదా. 2004లో అక్కడ రాగి వేసిన మాటా నిజమే. అబద్ధమల్లా ఒక్క తేదీ.

నిజం చెప్పేస్తే తప్పుడు ఆధారమని పదహారూ కొట్టేస్తారేమోనని నా భయం. ఊరు నా మొహాన ఉమ్ముతుంది. ఉమ్మనీ. సోంబరు మామ కాగితం చూడకుండా పోతే మాత్రం నేను మోయలేను.

సరేనంటే మర్నాడే బయల్దేరతాను.

ధర్మ


పనసపుట్టు,
2 అక్టోబరు 2025

ధర్మకు,

వద్దు. తేదీ మార్చకు. ఒక అబద్ధాన్ని ఇరవయ్యేళ్లు మోశాం. దానికి తోడు ఇంకొకటి ఎత్తుకోవడానికి నా నడుం సహకరించదు.

వార్డెను మాస్టారు జవాబు రాశారు. “మా హాస్టల్లో ఎన్నడూ కెమెరా లేదు. మిరియాలు బాగున్నాయి.” అంతే.

నీ మీద కోపం రాలేదని రాస్తే నువ్వు నమ్మవు. వచ్చింది. రెండు రోజులుంది. తర్వాత నా వైపు తిరిగింది. ఆ గుట్ట మన ఇంటి వెనకే ఉంది. తల తిప్పితే కనిపిస్తుంది. దాని మీద రాళ్లున్నాయి, మొద్దులున్నాయి, పక్కింటి ముత్యాలమ్మ మేకలున్నాయి. ఫోటోలో ఒక్క రాయి లేదు. నాకు అనుమానం రాలేదా? వచ్చింది. ఏమనుకున్నానో తెలుసా? అరకులో స్టూడియోవాడు నా ఫోటో తీసి నన్ను తెల్లగా చేసి ఇచ్చాడు కదా, మనుషుల్ని తెల్లగా చేసేవాళ్లకు గుట్టను నున్నగా చేయడం ఎంతలే అనుకున్నాను. అలా సర్దిచెప్పుకుని ఎక్కడో ద్రాక్షతోట ముందు పంతొమ్మిదేళ్లు మోకరించాను. ప్రభువు ఎన్నిసార్లు నవ్వుకున్నాడో.

అసలు తప్పు ఇంకొకటుంది. నువ్వు అబద్ధం చెప్పావు సరే. దరఖాస్తులో ఊరి పెద్దల వాంగ్మూలానికి ఒక గడి ఉంది. ఫోటో ఉండగా ముసలివాళ్ల మాట ఎందుకులే అని ఆ గడి ఖాళీగా వదిలింది నేను. పదహారింటిలోనూ. ఆధారం చాలదన్నది అందుకే.

ఆదివారం ఆరాధన అయ్యాక పదహారు కుటుంబాలనూ కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఆఖరికి సోంబరు మామ బీడీ ఆర్పాడు.

“ఒలే కనకా, ఆ గుట్ట మనది కాదని మాకు తెల్దేటి?”

“తెలుసా? మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు మామా?”

“ఏటని సెప్తాం? పొద్దున్న లేసి దానికి దండం పెట్టుకుంతన్నావు. సదువుకున్నదానివి. ఆఫీసోళ్లకి ఇలాటి నున్నటి గుట్టే కావాలి గావాల అనుకున్నాం.”

ముత్యాలమ్మ అందుకుంది. “నానైతే నీ తమ్ముడు మనకి ఏరే గుట్ట సూసినాడనుకున్నానప్పా. రాళ్లు లేవు, ఏటవాలు లేదు, బాగుంది, ఎప్పుడు ఎల్దామని మా ఆయన్ని అడిగినాను కూడా.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఊరంతటిలో ఆ గుట్టను నమ్మింది నేనొక్కదాన్నే అని తేలింది.

నవ్వు అయ్యాక భయం మిగిలింది. నిజం చెప్తే కొట్టేస్తారేమోనని నీలాగే వాళ్లూ అన్నారు. చెప్పాలా వద్దా అని చేతులెత్తమన్నాను. పద్నాలుగు ఇళ్లు చెప్పమన్నాయి. మిగతా రెండూ నీ ఇష్టమన్నాయి. పదిన పాడేరులో నేనే చెప్తాను.

నువ్వు రావద్దు. నా పక్కన నిలబడి నువ్వు తడబడితే నేనూ తడబడతాను. ఆ పొద్దున దుకాణం తెరవకుండా కాసేపు కూర్చుని మా కోసం అడుగు. ఎలా అడగాలో తెలీకపోతే ఊరికే కూర్చో.

అప్ప


గాజువాక,
10 అక్టోబరు 2025, సాయంత్రం

అప్పా,

కూర్చున్నాను. తొమ్మిది నుంచి పదకొండు దాకా షట్టరు దించి. ఎలా అడగాలో తెలీలేదు. “ఓపెన్ చెయ్యండి, అర్జంటు” అని ఒకాయన షట్టరు తడుతూనే ఉన్నాడు. దేవుడికి నా మాట వినపడిందో, ఆయన మాట వినపడిందో.

భీముడి ఫోనుకు పదిసార్లు చేశాను. ఘాటులో ఉన్నాడేమో, తగల్లేదు. ఏమైందో రాయి. రెండు వరుసలైనా చాలు.

ధర్మ


పనసపుట్టు,
19 అక్టోబరు 2025

ధర్మకు,

రెండు వరుసల్లో సరిపోదు. ఓపిక చేసుకుని చదువు.

పదిన సూర్యనారాయణగారి ముందు నిలబడి, బల్ల మీద ఫైలులో ఉన్న ఫోటో చూపించి, “బాబూ, ఇది మా గుట్ట కాదు, మీ తెర మీద ఉన్నదే ఇది, దీన్ని తీసెయ్యండి” అన్నాను. ఆయన ఫోటో చూశారు. తెర చూశారు. మళ్లీ ఫోటో చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“మూడేళ్లుగా ఈ రెండూ నా కళ్ల ముందే ఉన్నాయమ్మా. నాకు తట్టనే లేదు” అన్నారు. పెద్ద చదువులు చదివినవాళ్లతో కలిసి సిగ్గుపడితే సిగ్గు సగమవుతుంది.

తర్వాత ఆయన మొహం మారింది. “మరి ఇది తీసేస్తే మీ దగ్గర ఇంకేం మిగిలింది?”

“మనుషులున్నారు బాబూ.”

“పెద్దల వాంగ్మూలం గడి ఖాళీగా ఉంది. ఎవరు వదిలారు?”

“నేనే.”

తప్పుడు ఫోటో ఎందుకు పెట్టారో రాసి సంతకం చేయమన్నారు. ఒక పేజీ ఇచ్చారు. ఒక్క వరుస రాశాను: “గుట్టను చూడకుండా బొమ్మను చూసినందువల్ల.” ఆయన చదివి ఫైలులో పెట్టుకున్నారు. గుట్ట దగ్గరికే వస్తామన్నారు.

పదహారున వచ్చారు. ఆయనా, ఇంకో ఇద్దరూ. పెద్దలు అయిదుగురి మాట రాసుకున్నారు. సోంబరు మామను అడిగారు, “మీ హద్దులు ఎక్కడ తాతా?” అని. మామ కర్ర తీసుకుని నడిచాడు. వాళ్లు వెనకే. తుప్పల్లోకి వెళ్లి కాలితో ఆకులు తోస్తాడు, కింద రాయి ఉంటుంది. ఇరవై అడుగులు, ఇంకో రాయి. అది ఎవరు పాతారో, ఏ ఏడు పాతారో, ఆ ఏడు రాగి పండిందో సామ పండిందో చెప్తాడు. రెండు గంటలు. పదహారు చెక్కలూ అలాగే తిరిగాడు. సూర్యనారాయణగారు రెండుసార్లు జారిపడ్డారు. “నిదానం బాబూ, ఇది మీ కంపూటర్ గుట్ట కాదు” అన్నాడు మామ. ఆయన కింద కూర్చునే నవ్వారు.

మన చెక్క వంతు వచ్చింది. నేను ముందుకెళ్లి ఒక పనసచెట్టు కింద నిలబడి, ఇక్కడి నుంచి మా నాన్నది అని చెప్పాను. గట్టిగానే చెప్పాను.

“కనకా, అది మా బామ్మర్ది పనస. మీది ఇవతలది” అన్నాడు మామ.

పదహారు కుటుంబాల హద్దులు టైపు చేసినదాన్ని, ధర్మా. నా హద్దు నాకు తెలీలేదు. నువ్వు ఒక గుట్టను చూపించి ఇంకొకటన్నావు. నేను అదే గుట్ట మీద నిలబడి తప్పాను. మనిద్దరిలో ఎవరిది పెద్ద తప్పో నువ్వే తేల్చుకో.

పదహారూ సరిపోయాయని రాసుకున్నారు. పట్టాల కోసం పై ఆఫీసుకు పంపుతామన్నారు. నవంబరు ఇరవైన కొలతలు. అది అయ్యాకే కాగితం చేతికొస్తుంది. సోంబరు మామ అప్పటిదాకా చచ్చే ఉద్దేశం లేదని ఊళ్లో చెప్పుకుంటున్నాడు.

పద్నాలుగో తారీఖు వచ్చింది, వెళ్లింది. డబ్బా నడుస్తూనే ఉంది. నువ్వన్న కొత్తది పంపు, పదకొండే వెయ్యి. తెర మీద ఏమీ పెట్టకు. పొద్దున ఇప్పుడు గుట్టే ఎక్కుతున్నాను. సగం దూరం వెళ్లేసరికి ఆయాసం. అక్కడే కూర్చుని, మిగిలిన ఊపిరితో ఎంత చెప్పుకోగలిగితే అంత. మాటలు బాగా తగ్గాయి. ప్రభువుకు అభ్యంతరం ఉన్నట్టు లేదు.

నాన్న వేసిన రాతిగట్టు మొత్తం తుప్పల్లో ఉంది. కొలతలకు ముందు అది కనపడాలట. నేను కత్తి పట్టలేను. నవంబరు పదిహేనుకల్లా నువ్వు రావాలి. ముళ్లున్నాయి, పాములూ ఉన్నాయి, మంచి బూట్లు తెచ్చుకో. అయిదు రోజుల పని ఉంటుందని మామ అన్నాడు.

ఫోటో తీయడానికి మాత్రం వేరే మనిషి వస్తాడు.

అప్ప